ఉత్తర దిక్కు ఎటో అడిగిన మా టీచరు

మా సైన్సు టీచరు పోయారు. బుధవారం పొద్దున తొమ్మిదింటప్పుడు ఆవిడ నంబరు నుంచి నాకు ఫోను వచ్చింది. ఆవిడ ఎప్పుడు చేసినా ఆదివారమే చేసేవారు, చర్చి నుంచి ఇంటికొచ్చి టీ తాగిన తరవాత. పదేళ్ళుగా అదే అలవాటు. అందుకే బుధవారం నాడు ఆ పేరు కనపడగానే ఎత్తలేకపోయాను. ఫోను బల్ల మీద మోగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎత్తనంతసేపు ఏమీ జరగనట్టే కదా అనిపించింది. రెండోసారి మోగినప్పుడు ఎత్తాను. అవతల ఆవిడ చెల్లెలు.

"అక్క పోయిందమ్మా. తెల్లారి ఐదింటికి" అన్నదామె. "ఊపిరి అందలా. నీకు చెప్పమని నిన్ననే నంబరు తీసి చూపిచ్చింది."

నేను పరిశోధన చేసేది వేరే రాష్ట్రంలో. ఆ మధ్యాహ్నమే రైలెక్కి మర్నాడు నరసరావుపేటలో దిగాను. దారంతా నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక నుంచి నేను తప్పు చేస్తే అడిగేవాళ్ళు ఎవరన్న భయం అది. ఆవిడ దగ్గర చదువుకోని వాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఆవిడ గురజాలలో మా బాలికల హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. అంత పిరికి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఉరుములంటే భయం, కుక్కలంటే భయం, రోడ్డు దాటాలంటే భయం, నీళ్ళంటే మరీ భయం. అయితే దాన్ని దాచుకునేవారు కాదు. ఒకసారి క్లాసు జరుగుతుండగా మబ్బు కమ్మింది. మొదటి ఉరుముకే ఆవిడ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు.

"నాకు ఉరుములంటే చానా భయం పిల్లలూ" అన్నారు. "మీకూ భయమైతే చెప్పండి, సిగ్గేం లేదు. కిటికీ రెక్కలేసి రండి. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడే దాకా ఎన్ని సెకన్లో లెక్కపెడదాం. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు."

మేం లెక్కపెట్టాం. ఆవిడ గొంతు వణుకుతూనే ఉంది, మాతోపాటు పైకి లెక్కపెడుతూనే ఉన్నారు. తొమ్మిది, ఆరు, నాలుగు. పిడుగు దగ్గరికొస్తోందని లెక్కే చెబుతోంది. నాలుగు దగ్గర ఆవిడ కళ్ళు మూసుకున్నారు. తరవాతిది ఏడు. అప్పుడు కళ్ళు తెరిచి "పోతంది" అన్నారు. మళ్ళీ పాఠం మొదలైంది.

ఆవిడ పరీక్షల్లో ఒక వింత పద్ధతి ఉండేది. జవాబు రానప్పుడు 'తెలియదు' అని రాస్తే అర మార్కు. ఏదో ఒకటి అల్లి రాస్తే సున్నా. మేం ఏం చెప్పినా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "నీకెట్టా తెలుసు?" ఇందులో వెటకారం ఉండేది కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే, తల కొంచెం పక్కకు వంచి అడిగేవారు. దానికే మేం హడలిపోయేవాళ్ళం. అరిచే టీచర్ల ముందు తల వంచుకుని నిలబడితే గండం గడిచేది. ఈవిడ ముందు ఆలోచించకుండా గడిచేది కాదు.

ఒకనాడు మధ్యాహ్న భోజనం వండే చోటు నుంచి పెద్ద గంగాళం తెప్పించి నీళ్ళు పోయించారు. గరిటెతో నడిమధ్యన గుండ్రంగా తిప్పి, నీళ్ళు సుడి తిరుగుతుంటే మధ్య నుంచి అంచు దాకా పసుపుతో ఒక గీత చల్లారు. గీత వంగింది. చుట్టుకుంది. చుట్టుకుని చుట్టుకుని దారమంత సన్నబడి నీళ్ళలో కలిసిపోయింది.

"లోపలి నీళ్ళు బిరబిరా తిరుగుతాయి, బయటివి నిదానంగా. అందుకే గీత చుట్టుకుపోయింది" అన్నారు. తరవాత పేపర్లో వచ్చిన ఒక బొమ్మ చూపించారు. కోట్ల నక్షత్రాల గుంపు, రెండు చేతులు చాచి సుడి తిరిగినట్టుంది. "ఇదీ తిరుగుతానే ఉంది. మన పసుపు గీత మాదిరిగా ఎప్పుడో చుట్టుకుపోయి చెదిరిపోవాల. పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలియదు. నాకు అర మార్కెయ్యండి."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. టీచరుకే తెలియని సంగతి ఒకటి ఆకాశంలో ఉందని తెలిసి నాకు కాళ్ళలో సన్నగా వణుకు పుట్టింది. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఆ వణుకే.

ఎనిమిదో తరగతిలో ఉండగా మమ్మల్ని నాగార్జునకొండకు తీసుకెళ్ళారు. నలభై ఒక్క మందిమి. ఆవిడతోపాటు లెక్కల సార్ వచ్చారు. మాచర్ల మీదుగా విజయపురి సౌత్ దాకా బస్సు, అక్కణ్ణించి లాంచీ. లాంచీ ఎక్కేటప్పుడు ఆవిడ పెదాలు కదులుతుండటం చూశాను. ప్రార్థన చేసుకుంటున్నారు. ద్వీపం చేరేదాకా నీళ్ళ వైపు చూడలేదు.

మధ్యాహ్నం మూడింటప్పుడు గాలి లేచింది. తిరుగు ప్రయాణానికి అందర్నీ రేవు దగ్గరికి రమ్మన్నారు. నేను రాతి కట్టడాల దగ్గర వెనకబడ్డాను. చెప్పు తెగింది. దాన్ని రిబ్బనుతో కట్టుకుంటూ ఒక గోడ చాటున కూర్చున్నాను. కట్టుకుని రేవుకు వచ్చేసరికి లాంచీ లేదు. నీళ్ళ మీద చాలా దూరాన పోతోంది.

అప్పటి భయం గురించి ఇప్పటికీ సరిగా చెప్పలేను. మొదట అరిచాను. గాలి నా అరుపును వెనక్కి తోసింది. ద్వీపంలో కావలి మనిషి ఎవరైనా ఉండే ఉంటారు, నాకు మాత్రం ఒక్క ప్రాణీ కనపడలేదు. చుట్టూ నీళ్ళు, నీళ్ళ అవతల కొండలు. నీళ్ళు పెరిగి మెట్లెక్కి వస్తాయనిపించింది. చీకటి పడుతుందనిపించింది. లోపల పాత రాళ్ళ మధ్య ఎవరో నా కోసం చూస్తున్నారనిపించింది. లంగాలోనే ఒంటికి పోసేసుకున్నాను. పదమూడేళ్ళ పిల్లను, ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుందేమోనన్న భయం కూడా అందులోనే కలిసింది.

ఏం చెయ్యాలో తెలియక చెయ్యి చాచి బొటనవేలు పైకెత్తాను. దూరాన ఉన్న వాటిని అట్లా కొలవడం క్లాసులో నేర్పారు. లాంచీ నా గోరంత ఉంది. కాసేపటికి సగం గోరయింది. వేలు దించాలంటే భయమేసింది. దించితే లాంచీ పూర్తిగా మాయమవుతుందేమోనని. అట్లాగే చూస్తున్నాను. సగం గోరు సగం గోరుగానే ఉండిపోయింది. తరవాత అది పొడుగైంది. పక్కకు తిరుగుతోందని అర్థమయ్యాకే వేలు దించాను.

లాంచీలో జరిగింది స్నేహితురాళ్ళు తరవాత చెప్పారు. రేవులో చినుకులు మొదలై పిల్లలంతా అటూ ఇటూ ఉరుకుతుంటే టీచరు లెక్కపెట్టారట. నలభై ఒకటి వచ్చింది. ఎవర్నో రెండుసార్లు లెక్కపెట్టారు. లాంచీ కదిలాక మనసొప్పక వెనక వరస నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. నలభై. భుజం భుజం తాకుతూ మరోసారి. నలభై. ఆవిడ ముఖం బూడిద రంగుకు తిరిగిందని చెప్పారు.

"లాంచీ తిప్పయ్యా. ఒక పిల్ల ఉండిపోయింది" అన్నారట లాంచీ నడిపే సరంగుతో. ఆ ముసలాయన ఆకాశం వంక చూశాడు.

"గాలి చూశావా అమ్మా. ఇప్పుడు తిప్పితే అల పక్క నుంచి కొట్టిద్ది. ఒడ్డుకి పోయినాక ఇంకో లాంచీ పంపిద్దాం."

"ఆ పిల్ల అప్పటిదాకా ఒక్కత్తే ఉండాల."

"ఈడ నలభై మంది ఉన్నారు గదమ్మా."

ఆవిడ ఆగిపోయారట. నలభై మందినీ చూశారు, వెనక ద్వీపాన్ని చూశారు. తరవాత అడిగారు: "మునిగిద్దని చెప్తన్నావా, ఊగిద్దని చెప్తన్నావా? సరిగ్గా చెప్పు. నీకెట్టా తెలుసు?"

సరంగు ఇంకోసారి అలల వంక చూశాడు. "మునగదు. ఇంతకంటే పెద్ద గాలిలో తిప్పా. ఊగిద్ది, పిల్లలు బెదిరి ఒక పక్కకి ఉరికారంటే మాత్రం ప్రమాదం" అన్నాడు.

"అయితే అందర్నీ మధ్యలో కింద కూచోబెడతా. నువ్వు తిప్పు. నాకు ఈత రాదు, నీళ్ళంటే నా ప్రాణాలు పోతాయి. అయినా తిప్పు."

నలభై మందినీ లాంచీ అడుగున, ఒకరి నడుము ఒకరు పట్టుకుని కూర్చోమన్నారు. ఆవిడ వాళ్ళ మధ్యలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. అల పక్క నుంచి కొట్టినప్పుడు అందరికంటే ముందు అరిచింది ఆవిడేనట.

లాంచీ నుంచి రేవు మీదికి చెక్క పలక వేశారు. దాని మీద నిలబడి నడవలేక ఆవిడ చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకుతూ వచ్చారు. నలభై మంది పిల్లలు చూస్తుండగా. వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. ఎక్కడికి పోయావని అడగలేదు. "లెక్క తప్పా. తప్పు నాది, నీది కాదు" అన్నారు, అందరికీ వినపడేట్టు. నా లంగా తడిసి ఉండటం చూసి తన పైట నా చుట్టూ కప్పి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అవతలి ఒడ్డు దాకా మణికట్టు వదల్లేదు. నాలుగు వేళ్ళ గుర్తులు వారం దాకా కమిలి ఉన్నాయి.

ఒడ్డుకు చేరాక లెక్కల సార్ ఆవిడను పక్కకు పిలిచారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాను కాబట్టి విన్నాను.

"పిల్ల దొరికింది గదా మేడమ్. ఈ సంగతి స్కూల్లో ఎత్తమాకండి. పిల్లలకి నేను చెప్తా, నోరు మెదపరు."

ఆవిడ తల ఊపారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఇంట్లో తెలిస్తే నాకు తన్నులు తప్పవని అప్పటికే వణుకుతున్నాను.

సోమవారం పొద్దున ఆవిడ జరిగిందంతా స్వదస్తూరీతో రాసి హెడ్మిస్ట్రెస్‌కు ఇచ్చారు. తాను ఒకసారి మాత్రమే లెక్కపెట్టిందీ, అది తప్పిందీ, లాంచీ కదిలాక తెలిసిందీ. ఆ కాగితం సంగతి మా నాన్నకు చేరింది. మా నాన్నకు బజార్లో ఎరువుల కొట్టు ఉండేది, నలుగురితో పరిచయం ఉండేది. స్కూలుకొచ్చి స్టాఫ్ రూము బయట కేకలేశాడు. తరవాత పై ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రెండు నెలల్లో ఆవిడను మాచర్ల అవతల అడవి దారిలో ఉన్న ఒక స్కూలుకు బదిలీ చేశారు. రోడ్డు దాటడానికే భయపడే మనిషి రోజూ రెండు బస్సులు మారి వెళ్ళాలి.

నేను మా నాన్నతో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆవిడ వెనక్కి వచ్చిందని, పాకుతూ వచ్చిందని. చెప్పలేదు. నాన్నంటే భయం. చెప్పు కట్టుకుంటూ వెనకబడింది నేనేనని బయటపడుతుందన్న భయం. ఆవిడ చివరి రోజున క్లాసుకొచ్చి పాఠం చెప్పి, పోయేముందు నా బెంచీ దగ్గర ఆగి, "లెక్క ముందు నుంచి ఒకసారి, ఎనక నుంచి ఒకసారి చెయ్యాలే" అని వెళ్ళిపోయారు. నా మీద కోపం ఉన్న మనిషి అట్లా చెప్పరని నాకు ఆనాడు తోచలేదు. దెప్పినట్టు వినపడింది.

డిగ్రీ అయ్యేదాకా ఆవిడకు ముఖం చూపించలేకపోయాను. అప్పటికి ఆవిడ రిటైరై నరసరావుపేటలో చెల్లెలి దగ్గర ఉంటున్నారని తెలిసి వెళ్ళాను. గుమ్మంలోనే అంతా చెప్పేశాను, గుక్క తిప్పుకోకుండా. ఆవిడ విని, కుర్చీ చూపించారు.

"మీ నాన్న భయపడ్డాడే. పిల్ల పోయిందేమో అనుకున్నోడు ఊరికే కూచుంటాడా? నువ్వూ భయపడ్డావు. నేను భయపడే ఒకసారి లెక్కపెట్టి లాంచీ ఎక్కా. అందరం భయపడినోళ్ళమే. టీ తాగుతావా?"

ఆదివారం ఫోన్లు అప్పటినుంచి మొదలయ్యాయి.

నేను చేసే పని గురించి ఆవిడకు చెప్పినట్టే మీకూ చెబుతాను. నక్షత్రం పుట్టిన కొత్తలో దాని చుట్టూ గాలీ ధూళీ కలిసి పళ్ళెంలాగా తిరుగుతుంటుంది. గ్రహాలు తయారయ్యేది ఆ పళ్ళెంలోనే. మన భూమీ ఒకప్పుడు అట్లా తయారైందే. పెద్ద దూరదర్శినులతో చూస్తే కొన్ని పళ్ళాలలో సుడి తిరిగిన చేతులు కనపడతాయి. అవి ఎట్లా వచ్చాయన్నది ఇంకా తేలలేదు. మనకు కనపడకుండా ఒక పెద్ద గ్రహం అందులో తిరుగుతూ ఆ ధూళిని లాగి అలలు లేపుతుండవచ్చు. లేదా పళ్ళెమే బాగా బరువెక్కి, తన బరువుకు తానే ముద్దకడుతూ చేతులుగా సాగుతుండవచ్చు. పక్కగా పోయిన ఇంకో నక్షత్రం కదిపి ఉండవచ్చు కూడా.

ఇదంతా ఆవిడ ఫోన్లో విన్నారు. తరవాత "మన గంగాళంలో గరిటె తిప్పింది నేను. అక్కడ ఎవరు తిప్పుతున్నారో తెలియదన్నమాట" అన్నారు.

"అవును టీచర్."

"ఎట్టా కనుక్కుంటావే మరి?"

కొన్నేళ్ళ ఎడంతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడతానని చెప్పాను. గ్రహం తిప్పుతుంటే సుడి చెక్కు చెదరకుండా మొత్తం ఒక్కటిగా, ఆ గ్రహంతోపాటే తిరుగుతుంది. సొంత బరువు వల్ల వచ్చిన సుడైతే లోపలి భాగం ముందుకు పోయి, బయటిది వెనకబడి, పసుపు గీతలాగా చుట్టుకుంటూ పోతుంది. ఆ కాసిన్ని సంవత్సరాల్లో వచ్చే తేడా ఎంతంటే, గడియారంలో నిమిషాల ముల్లు పది సెకన్లలో జరిగేంత. అంతకంటే తక్కువ కూడా కావచ్చు.

నేను కొలిచాను. సుడి మొత్తం ఒక్కటిగా తిరుగుతోందని తేలింది. అంటే బయట ఎక్కడో ఒక గ్రహం ఉంది, ఎవరూ చూడనిది. మా గైడు సంతోషపడి, నాతో కలిసి పనిచేసే అందరికీ రాశారు. వ్యాసం సిద్ధమైంది. ఒక పెద్ద సభలో నేను మాట్లాడాలని నిశ్చయమైంది. ఆ సందట్లో నేను సెలవు పెట్టి నరసరావుపేట వచ్చాను.

అప్పటికి ఆవిడ ఊపిరితిత్తులు పీచుకట్టిపోతున్నాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషను గురగురమంటోంది. ముక్కుకు గొట్టం పెట్టుకునే, నా ఫోన్లో రెండు ఫొటోలూ దగ్గరగా పట్టుకుని చూశారు. ఎంతసేపు చూశారో.

"బాగున్నాయే. రెంటికీ ఉత్తర దిక్కు ఎటో నీకెట్టా తెలుసు?"

"కెమెరా ఎంత ఒరిగి ఉందో లెక్క ఉంటుంది టీచర్. తెలిసిన నక్షత్రాలను చూసి సరిచేస్తారు."

"ఈ రెంటికీ ఒకటే లెక్కా?"

"ఒకటే కెమెరా కదా" అన్నాను. అంటూండగానే గుర్తొచ్చింది.

ఒకటే కెమెరా. కానీ పాత ఫొటో తీశాక దాన్ని దించి, బాగుచేసి, మళ్ళీ బిగించారు. బిగించినప్పుడు అది వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఉంటే? కొత్త బిగింపు లెక్కనే నేను పాత ఫొటోకూ వాడాను. ఫొటో మొత్తం ఒక్కటిగా తిరిగి కనపడదా అప్పుడు?

ఆ సాయంత్రం ఆవిడ ఇంటి వసారాలో కూర్చుని లాప్‌టాప్ తీసి కెమెరా పాత రికార్డులు వెతికాను. పాత బిగింపు లెక్క వేరే ఉంది. వేరే ఉందని అందులో స్పష్టంగా రాసి ఉంది, నేను చదవలేదు. సరిచేసి చూస్తే నేను కొలిచిన కదలికలో చాలా భాగం ఎగిరిపోయింది. మిగిలింది ఇటూ చెప్పదు, అటూ చెప్పదు.

ఈ తప్పు సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్పకపోతే కొన్నేళ్ళ దాకా ఎవరూ కనుక్కోలేరు. ఒకవేళ గ్రహం నిజంగానే ఉండి ఉంటే ఎప్పటికీ కనుక్కోరు. చెబితే గైడు ముఖం ఎట్లా చూడాలి, అందరూ ఏమనుకుంటారు, నా చదువు ఏమవుతుంది? లోపలికి వెళ్ళి ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. మూసిన లాప్‌టాప్ ఒళ్ళోనే ఉంది. ఆవిడ చూశారు.

"తప్పిందా?"

తల ఊపాను.

"ఎంత తప్పింది?"

"అంతా తప్పింది టీచర్. నాకు భయంగా ఉంది. చెప్పకుండా ఉంటే..."

ఆవిడ తిట్టలేదు. ఊపిరి కూడదీసుకుని చెప్పారు. మాటకూ మాటకూ మధ్య మిషను చప్పుడు.

"ఆ సోమవారం... కాగితం రాసి కూడా... ఆఫీసు రూము దాకా పోయి మూడుసార్లు ఎనక్కి వచ్చానే. మూడోసారి చించేశా కూడా. మళ్ళీ కూచుని రాశా. ఇయ్యకపోతే ఏమయ్యేదో తెలుసా? ఏం కాదు. బదిలీ అయ్యేదాన్నే కాదు. కానీ ఆ తరవాత ఎప్పుడు పిల్లల్ని లెక్కపెట్టినా... నా లెక్కని నేనే నమ్మేదాన్ని కాదు."

కొంచెం ఆగి, "భయం పోయినాక చెప్తానంటే అయ్యే పని కాదు. అది పోదు. దాంతోనే పోయి చెప్పు" అన్నారు.

అక్కడి నుంచే గైడుకు ఫోను చేశాను. మంచం పక్కనుంచి లేవకుండానే. ఆవిడ నా మణికట్టు మీద చెయ్యి వేసి ఉంచారు. ఆ చేతిలో ఇప్పుడు పట్టు లేదు. గైడు పాత బిగింపు తేదీ అడిగారు. తరవాత, లెక్కలన్నీ పంపించు అని పెట్టేశారు. నాలుగు రోజులు ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ నాలుగు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. ఐదో రోజు మెయిల్ రాశారు, నాకూ అందరికీ కలిపి. తప్పును పట్టుకున్నది నేనేనని, వ్యాసం ఆపేస్తున్నామని, ఇంకో రెండు మూడేళ్ళకు మూడో ఫొటో తీయాలని. నాతో విడిగా ఆయన మునుపట్లా మాట్లాడటానికి చాలా నెలలు పట్టింది. సభలో నా వంతు వేరేవాళ్ళకు వెళ్ళింది. ఆ నక్షత్రం చుట్టూ సుడి ఎవరు తిప్పుతున్నారో ఇవాళ్టికీ నాకు తెలియదు.

చివరిసారి ఆవిడతో మాట్లాడింది పోయిన ఆదివారం.

"నాకు భయంగుందే" అన్నారు. "పాస్టరు గారు వచ్చి, ప్రభువు దగ్గరికి పోయేదానికి భయమేందమ్మా అన్నారు. అదీ నిజమే. అయినా ఉంది."

ధైర్యం చెప్పబోయి ఆగిపోయాను. ఆవిడకు అల్లిక జవాబులు నచ్చవు. "ఎట్లా ఉంది టీచర్, ఆ భయం?" అని అడిగాను.

ఆవిడ ఆలోచించారు. "చీకట్లో దిగేటప్పుడు ఇంకో మెట్టు ఉందనుకుని కాలేస్తామే. అది లేనప్పుడు ఒళ్ళు ఝల్లుమనిద్ది చూడు, అట్టా. గుక్క తిప్పుకునే ప్రతిసారీ అట్టాగే ఉంది." తరవాత, "అడిగావు. మంచిది. అందరూ భయపడమాక అంటారేగాని ఎవరూ అడగలా" అన్నారు.

గురువారం మధ్యాహ్నం సమాధి చేశారు. నేను వెళ్ళేసరికి చర్చి ఆవరణలో నలభై యాభై మంది ఆడవాళ్ళు ఉన్నారు, చాలామంది ఆవిడ దగ్గర చదివినవాళ్ళే. గురజాల వాళ్ళూ ఉన్నారు, మాచర్ల అవతలి అడవి స్కూలు వాళ్ళూ ఉన్నారు. చర్చి పక్కనే ఉన్న స్మశానం గేటు బయట, వేప కింద ఒక మనిషి ఒంటరిగా నిలబడి ఉన్నాడు. మా నాన్న. నేను రమ్మనలేదు. వస్తానని ఆయనా చెప్పలేదు.

దగ్గరికి వెళ్ళాను. చొక్కా గుండీలు పట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రా నాన్నా."

"ఆమె చెల్లెలు నన్ను ఎరుగు. ఏమన్నా అంటదేమో" అన్నాడు. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. నేను చిన్నప్పుడు ఎవర్ని చూసి వణికానో ఆ మనిషి. ఆయన గొంతులో వణుకు వినడం నాకదే మొదలు.

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ఆ చెల్లెలు మమ్మల్ని చూసింది. మా నాన్నను గుర్తుపట్టిందని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. ఏమీ అనలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది. మా నాన్న వంగి, గుప్పెడు మట్టి తీసుకుని, వేయడానికి చెయ్యి రాక కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. తరవాత వేశాడు. "తప్పయిందమ్మా" అన్నాడు. ఎవరితో అన్నాడో నేను అడగలేదు.

సాయంత్రం ఇద్దరం గురజాల బస్సెక్కాం. ఊరు దాటేసరికి పడమట మబ్బు పట్టింది. రోడ్డుకు రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి మొదలైంది. జనం టార్పాలిన్ పట్టాలు పట్టుకుని కుప్పల మీద కప్పడానికి పరుగులు పెడుతున్నారు. ఒక కల్లంలో పట్టా ఒక మూల లేచి, గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఒక ముసలామె వచ్చి ఆ మూల మీద కూర్చుంది. రెండు చేతులతో పట్టా అంచు పట్టుకుని, కొంగు పళ్ళతో కరుచుకుని, మబ్బు వంక బెదురుగా చూస్తోంది. పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి. మిగతా వాళ్ళు తల మీద గోతాలు వేసుకుని పాక కిందికి పోయారు. ఆమె లేవలేదు. మా బస్సు మలుపు తిరిగేదాకా వానలో ఆమె అట్లాగే కూర్చుని ఉంది.